ఉత్తరంలో నువ్వెక్కడున్నావు?

ప్రశ్న: అక్కా, నాకు 17 ఏళ్లు. మా క్లాసులోనే చదివే ఒక అబ్బాయిని ఎనిమిది నెలలుగా ప్రేమిస్తున్నాను. తను కూడా నన్ను ప్రేమిస్తున్నాడు. మా నానమ్మ పోయి తొమ్మిది నెలలైంది. అప్పుడు ఇంట్లో ఎవరి ఏడుపులో వాళ్లుంటే, రోజూ రాత్రి నా మాటలు విన్నది తనొక్కడే. కానీ ఈ మధ్య తను చిన్న విషయానికే అలిగి రెండేసి రోజులు మాట్లాడడు. మెసేజ్ చూసి కూడా రిప్లై ఇవ్వడు. మళ్లీ తనే వచ్చి సారీ చెప్తే నాకు ప్రాణం లేచొస్తుంది. నా ఇన్‌స్టా పాస్‌వర్డ్ అడుగుతున్నాడు. ‘ప్రేమ ఉంటే దాచుకోవాల్సింది ఏముంటుంది’ అంటాడు. మొన్న ఒక ఫోటో కూడా అడిగాడు, నలుగురికీ చూపించేలాంటిది కాదు. నేను ఇంకా ఏదీ ఇవ్వలేదు. ఈలోపు అమ్మకి తెలిసిపోయింది. వారం రోజులు ఫోన్ లాక్కుంది. ‘ఈ వయసులో ప్రేమేంటి, అదంతా ఆకర్షణ’ అంది. టీచర్లూ అదే అంటారు, ఫ్రెండ్సూ అదే అంటారు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు. చదువు బుర్రకి ఎక్కట్లేదు. ఇంతకుముందు బొమ్మలు వేసేదాన్ని, ఇప్పుడు వెయ్యట్లేదు. ఆఖరిగా ఒక గుర్రం వేస్తుంటే కాళ్లు వేసేలోపు తన మెసేజ్ వచ్చింది, బొమ్మ అక్కడే ఆగిపోయింది. తను లేకపోతే నేను బతకలేను. ఇది ప్రేమా, ఆకర్షణా? మీరే చెప్పండి. నా పేరు వేయొద్దు.

సమాధానం:

అక్కా అన్నావు. నా వయసుకి పెద్దమ్మా అన్నా చెల్లుతుంది గానీ, ఆ పిలుపు బాగుంది, ఉంచేసుకుంటాను.

పైన వేసింది నీ ఉత్తరంలో నాలుగో వంతు. మొత్తం ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. రెండోసారి చదివేటప్పుడు పెన్సిల్ పట్టుకుని, ‘తను’ అన్న మాట వచ్చిన ప్రతిచోటా గీత పెట్టుకుంటూ పోయాను. 46 వచ్చాయి. మూడోసారి నీ గురించి నువ్వేం రాసుకున్నావో వెతికాను. నిద్ర పట్టట్లేదు, చదువు ఎక్కట్లేదు, బొమ్మలు వెయ్యట్లేదు, బతకలేను. అతని క్రియలన్నీ నడుస్తున్నాయి: వస్తాడు, అలుగుతాడు, అడుగుతాడు, అంటాడు. నీ వైపుకి వచ్చేసరికి అన్నీ ‘లేదు’లూ ‘లేను’లే. వ్యాకరణం పాఠం చెప్పడానికి కాదు ఇది. నీ ఉత్తరంలో నాకు ముందు కనపడింది అదే, అందుకని అక్కణ్ణించే మొదలుపెడుతున్నాను.

అన్నిటికంటే ముందు ఆ చివరి మాట. ‘బతకలేను’ అని ఈ వయసులో చాలామంది అంటారు, సినిమా టికెట్టు దొరక్కపోయినా అంటారు. నువ్వు మాటవరసకి అన్నావో, నిజంగానే చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందో ఉత్తరం చూసి చెప్పలేను. అందుకే సూటిగా అడుగుతున్నాను. అలాంటి ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, ఈ జవాబు పూర్తిగా చదివేదాకా కూడా ఆగకు. ఇంట్లోనో బయటో నువ్వు నమ్మే పెద్దవాళ్లొకరి దగ్గరికి వెళ్లి ఇదే మాట ఇలాగే చెప్పు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమను. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యి. ఇది సిగ్గుపడాల్సిన విషయం కాదు, దాచుకోవాల్సిన విషయం అసలే కాదు. మాటవరసకే అన్నావంటే మంచిది, కింద చదువు.

ప్రేమా, ఆకర్షణా?

ఈ ప్రశ్న నువ్వు వేసుకున్నది కాదు. నీ చుట్టూ ఉన్నవాళ్లు వేసి, జవాబు కూడా వాళ్లే ఇచ్చి, నీ నోట్లో పెట్టింది. పెద్దవాళ్లు ‘ఆకర్షణ’ అన్న మాటని ఎలా వాడతారంటే, దగ్గుకి సిరప్ పట్టినట్టు. రెండు చెంచాలు పోస్తే తగ్గిపోవాలి. తగ్గదు, ఎందుకంటే నీకు కలిగింది ఉత్తుత్తిది కాదు. 2005లో ఆర్థర్ ఆరన్, హెలెన్ ఫిషర్, లూసీ బ్రౌన్ అనే శాస్త్రవేత్తలు గాఢమైన ప్రేమలో ఉన్న 17 మంది యువతీయువకుల్ని స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి, వాళ్లు ప్రేమించిన వాళ్ల ఫోటో చూపించారు. వాళ్ల ప్రేమల వయసు ఒక నెల నుంచి 17 నెలల దాకా. అంటే నీ ఎనిమిది నెలలు సరిగ్గా ఆ లెక్కలోనే ఉంది. ఫోటో చూడగానే మెదడు లోతుల్లో డోపమిన్ అనే రసాయనాన్ని పుట్టించే భాగం చురుగ్గా పనిచెయ్యడం మొదలైంది. దాహం వేసినవాడికి నీళ్లు కనపడితే పనిచేసే వ్యవస్థ కూడా అదే. కోరుకోవడం, వెంటపడటం, ఇంకా కావాలనిపించడం, అన్నీ దాని పనులే. అంతకు ముందు 1999లో ఇటలీలో డొనటెల్లా మరాజిటీ బృందం కొత్తగా ప్రేమలో పడ్డ 20 మంది రక్తం పరీక్షించింది. సెరటోనిన్ అనే ఇంకో మెదడు రసాయనానికి సంబంధించిన ఒక కొలత వాళ్లలో బాగా తగ్గి ఉంది. చేసిన పనే మళ్లీ మళ్లీ చేసే ఓసీడీ జబ్బు ఉన్నవాళ్లలో ఎంత తగ్గిందో దాదాపు అంతే తగ్గింది. ఏడాది దాటాక కొందరికి మళ్లీ పరీక్ష చేస్తే మామూలుకి వచ్చింది.

కాబట్టి రోజుకి నలభైసార్లు ఫోన్ తీసి చూడటానికి కారణం నీ బుద్ధి చెడిపోవడం కాదు. అది జరుగుతుంది. పెద్దవాళ్లకీ జరుగుతుంది, వాళ్లు ఒప్పుకోరు అంతే.

అయితే ఆ కలిగినదానికి పేరు పెట్టినంత మాత్రాన నీకు ఒరిగేదేమీ లేదు. నిఘంటువు తిరగేస్తే మన మాటల్లోనే కొంత తెలివి దాచిపెట్టి ఉంది. ‘మోహం’, ‘మూఢుడు’ ఒకే ధాతువు నుంచి వచ్చాయి. తెలివి తప్పడం, దారి తెలియకపోవడం దాని అర్థం. అంటే ఆ మాట పుట్టించినవాళ్లకి విషయం తెలుసు. ‘స్నేహం’ అన్న మాటకి ఇంకో అర్థం చమురు. నూనె, జిడ్డు. దీపంలో పోసేది కూడా స్నేహమే. నాకు ఈ రెండో మాట చాలా ఇష్టం. వత్తి భగ్గున అంటుకోవడం చూడముచ్చటగానే ఉంటుంది గానీ, తెల్లారేదాకా దీపం ఉండాలంటే అడుగున చమురుండాలి కదా. నీ ప్రశ్నని నేను ఇలా మార్చుకుంటాను: వత్తి అంటుకుందని ఒప్పుకుందాం. చమురు సంగతేంటి?

చమురు ఉందా లేదా అన్నది గుండె దడని బట్టి తెలియదు. నాకూ 17 ఏళ్లప్పుడు ఒకతను ఉండేవాడు. మూడు వరుసల ముందు కూర్చునేవాడు. రాయడం అయిపోగానే పెన్ను క్యాప్ టిక్కుమని నొక్కేవాడు. క్లాసులో అరవై పెన్నులుంటే ఆ ఒక్క టిక్కు నాకు వేరుగా వినపడేది. రెండేళ్లు. ఒక్క మాట మాట్లాడుకోలేదు. అతను ఎలాంటి పుస్తకాలు చదువుతాడో, వానొస్తే ఏం చేస్తాడో, వాళ్లమ్మతో ఎంత ప్రేమగా ఉంటాడో అన్నీ నేనే అల్లుకున్నాను. ఒకరోజు అతను ఫ్రెండ్స్‌తో మాట్లాడుతుంటే విన్నాను. ఒక లావుపాటి అమ్మాయి నడకని వెక్కిరిస్తున్నాడు, అందరూ నవ్వుతున్నారు. నేను అల్లుకున్న మనిషికీ అతనికీ ఏ సంబంధమూ లేదు. నాకు ఎంత కోపం వచ్చిందంటే, నన్ను మోసం చేశాడన్నట్టు వారం రోజులు రగిలిపోయాను. పాపం, నేనొకదాన్ని ఉన్నానని కూడా అతనికి తెలీదు! ఇప్పుడతని ముఖం గుర్తులేదు. టిక్కు గుర్తుంది.

నీది నాలాంటి ఒంటి చేతి వ్యవహారం కాదు, తెలుసు. మీరిద్దరూ మాట్లాడుకున్నారు, అతను విన్నాడు. ఎరిక్ ఎరిక్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఈ వయసు ప్రేమల్లో చాలాభాగం కబుర్లే ఉంటాయని గమనించాడు. అతని లెక్కలో కుర్రవాళ్లు ప్రేమలో వెతికేది ఎదుటివాళ్లని మాత్రమే కాదు, తమని తాము కూడా. నేనెవర్ని అన్నది ఇంకా స్పష్టంగా తెలియనప్పుడు, ఎదురుగా ఉన్న మనిషికి చెప్పుకుంటూ, అతని కళ్లలో చూసుకుంటూ పోల్చుకుంటాం. ఇది మంచి పనే. కాకపోతే ఆ అద్దం రెండు రోజులు ముఖం తిప్పేసుకుంటే, మనమే మాయమైపోయినట్టుంటుంది. నీకు జరుగుతున్నది ఇదేమో చూసుకో.

ఇంకొకటి. నువ్వు రాసిన రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూశావా? నానమ్మ పోయి తొమ్మిది నెలలు. ప్రేమ మొదలై ఎనిమిది.

1974లో కెనడాలో ఒక ప్రయోగం చేశారు. కపిలానో అనే నది మీద 230 అడుగుల ఎత్తున ఇనుప తీగలతో వేలాడే వంతెన ఒకటుంది. నడుస్తుంటే ఊగుతుంది. దాన్ని దాటుతున్న మగవాళ్లని ఒక అమ్మాయి ఆపి, నాలుగు ప్రశ్నలడిగి, సందేహాలుంటే చెయ్యమని తన ఫోన్ నంబరు ఇచ్చింది. కొంచెం ఎగువన ఊగని, గట్టి వంతెన మీద కూడా అలాగే చేశారు. గట్టి వంతెన మీద నంబరు తీసుకున్న 16 మందిలో ఇద్దరు ఫోన్ చేశారు. ఊగే వంతెన మీద తీసుకున్న 18 మందిలో తొమ్మిది మంది చేశారు. వాళ్ల గుండె కొట్టుకున్నది సగం ఎత్తుకి. ఆ కొట్టుకోవడాన్ని వాళ్లు ఆ అమ్మాయి ఖాతాలో వేసేశారన్నది ప్రయోగం చేసినవాళ్ల మాట.

నువ్వు ఊగే వంతెన మీద ఉన్నప్పుడు అతను ఎదురయ్యాడు. ఇంట్లో చావు. పెద్దవాళ్లంతా వచ్చినవాళ్లని చూసుకోవడంలో, తమ ఏడుపులో మునిగి ఉన్నారు. నీకూ ఒక మనిషి పోయిందని ఎవరూ నిన్ను అడగలేదు. ఒకడు అడిగాడు. అది చిన్న విషయం కాదు, అతనికి నేను ఆ మార్కులు పూర్తిగా వేస్తాను. 17 ఏళ్ల అబ్బాయి రోజూ రాత్రి కూర్చుని ఒకరి దుఃఖం వినడం తేలిక కాదు. కానీ ‘తను లేకపోతే బతకలేను’ అన్న మాటలో ఎంత అతని గురించి, ఎంత నానమ్మ గురించి? అతను రెండు రోజులు మాట్లాడకపోతే నీకు కలిగే ఆ కాళ్లకింద నేల కదిలినట్టుండే భయం, అంతకు ముందు ఎప్పుడు కలిగింది? నాకు జవాబు చెప్పక్కర్లేదు. నానమ్మ గురించి ఇంట్లో ఎవరితోనైనా కూర్చుని ఏడ్చావా? లేకపోతే, అది మిగిలే ఉంది. దాన్ని ఒక్కడే మోస్తున్నాడు, వాడికీ 17 ఏళ్లే.

ఇక ఆ రెండు రోజుల అలక. అతను కావాలని నిన్ను ఆడిస్తున్నాడో, లేక బాధ వస్తే ఏం చెయ్యాలో తెలియక ముడుచుకుపోతున్నాడో నేను చెప్పలేను. రెండోదే అయ్యుండొచ్చు. కోపం వస్తే కోపం వచ్చిందని చెప్పడం చాలామంది మగపిల్లలకి ఎవరూ నేర్పరు. కారణం ఏదైనా నీ మీద పనిచేసే తీరు ఒకటే. స్కిన్నర్ అనే శాస్త్రవేత్త పావురాల్ని పెట్టెలో పెట్టి, ఒక బిళ్లని ముక్కుతో పొడిస్తే గింజలు పడేలా అమర్చాడు. పొడిచిన ప్రతిసారీ గింజ పడితే, గింజలు ఆగిపోగానే పావురం కొంచెంసేపు చూసి మానేస్తుంది. ఎప్పుడు పడుతుందో తెలియకుండా ఒకసారి పడి, పదిసార్లు పడకుండా ఉంటే మాత్రం ఆపకుండా పొడుస్తూనే ఉంటుంది. గింజలు పూర్తిగా ఆపేసినా చాలాసేపు పొడుస్తుంది. రాత్రి ఒంటిగంటకి మెసేజ్ టైప్ చేసి, చెరిపి, మళ్లీ టైప్ చేసి, అతను ఆన్‌లైన్‌లో ఉన్నాడా అని చూసి, ఫోన్ బోర్లా పెట్టి, నిమిషంలో మళ్లీ తిప్పానని రాశావు. నాకు ఆ పావురమే గుర్తొచ్చింది. తప్పుగా అనుకోకు, నిన్ను వెక్కిరించడం లేదు. ‘సారీ చెప్తే ప్రాణం లేచొస్తుంది’ అన్నావే, ఆ లేచొచ్చిన ప్రాణాన్ని చాలామంది ప్రేమ అనుకుంటారు. అది ఊరట. తలనొప్పి తగ్గితే హాయిగా ఉంటుంది కదా అని తలనొప్పిని ప్రేమించం. డొరొతి టెన్నోవ్ అనే ఆవిడ ఇలాంటి స్థితికి 1970ల్లో ‘లిమరెన్స్’ అని పేరు పెట్టింది. ఇది ఆశ, అనుమానం రెండూ కలిసి ఉన్నంతకాలం బాగా ఏపుగా పెరుగుతుందని ఆమె రాసింది. పూర్తిగా దొరికినా నిలవదట, పూర్తిగా పోయినా నిలవదట.

నిద్ర గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే ఇది నువ్వెలాగూ వినవు. నీ వయసుకి 8 నుంచి 10 గంటలు కావాలి. నాలుగు గంటలు పడుకుని లేచినవాళ్లకి ఏ ప్రేమైనా ఉరితాడులాగే కనిపిస్తుంది. రాత్రి ఫోన్ ఇంకో గదిలో పెట్టు.

ఇప్పుడు పాస్‌వర్డ్ దగ్గరికి వద్దాం. నీ ఉత్తరంలో నేను మళ్లీ మళ్లీ చదివిన వాక్యం ఒకటుంది: ‘నేను ఇంకా ఏదీ ఇవ్వలేదు.’ అందులో ఆ ‘ఇంకా’ చూశావా? ‘ఇవ్వను’ అనలేదు నువ్వు. ‘ఇంకా ఇవ్వలేదు’ అన్నావు. ఈ రెంటికీ మధ్య ఆమడ దూరం ఉంది. ‘ఇంకా ఇవ్వలేదు’ అన్నవాళ్లు రోజూ తప్పించుకోవాలి, రోజూ సంజాయిషీ చెప్పుకోవాలి, రోజూ అపరాధిలా నిలబడాలి. నీ గురించి నువ్వు అన్ని ‘లేదు’లు రాసుకున్నావు కదా, అతనితో అనాల్సిన ఒక్క ‘ఇవ్వను’ మాత్రం దొరకలేదు నీకు.

ప్రేమంటే ఏమిటని అడిగావు. ప్రేమకి త్రిభుజంలాగా చనువు, ఆకర్షణ, కట్టుబాటు అని మూడు భుజాలుంటాయని రాబర్ట్ స్టెర్న్‌బర్గ్ 1986లో ఒక సిద్ధాంతం చెప్పాడు. బాగానే ఉంటుంది, పరీక్షలో రాయడానికి పనికొస్తుంది. నేను ఇన్నేళ్లుగా ఈ ఉత్తరాలు చదివి చూసేది మాత్రం ఒకటే. వద్దు అన్నప్పుడు ఏమవుతుంది? సరే అన్నప్పుడు అందరూ మంచివాళ్లే. వద్దు అనగానే ఎదుటివాడి ముఖం ఒక్క క్షణం చిన్నబోయి, ‘సరేలే’ అని మళ్లీ మామూలుగా మాట్లాడగలిగితే, అక్కడ చమురుంది. చిన్నబోవడం తప్పు కాదు, మనిషన్నాక చిన్నబోతాడు. ఆ చిన్నబోవడాన్ని రెండు రోజుల మౌనంగా మార్చి, నీ చేత క్షమాపణ చెప్పించుకుంటే, అక్కడున్నది వత్తి మాత్రమే. ఇందులో తమాషా ఏంటంటే, నువ్వు వద్దు అనేదాకా ఇది నీకూ తెలియదు, అతనికీ తెలియదు. అందుకే ఎనిమిది నెలలైనా నీకు జవాబు దొరకలేదు. ఆ పరీక్షే పెట్టలేదు మీరు.

‘దాచుకోవాల్సింది ఏముంటుంది’ అంటాడు. ఉంటుంది. నీ ఫ్రెండ్ తన బాధ నీకు చెప్పుకుంది, అది ఆమె రహస్యం, ఇవ్వడానికి నీది కాదు. అంతే కాదు, ఏమీ లేకపోయినా తలుపు వేసుకునే హక్కు మనిషికి ఉంటుంది. స్నానం చేసేటప్పుడు గడియ పెట్టుకుంటే ఇంట్లోవాళ్లని నమ్మనట్టా? అతనికి ఇలా చెప్పు: ‘నువ్వంటే నాకిష్టం. పాస్‌వర్డ్ ఇవ్వను. నీది నాకు వద్దు. దీని గురించి మళ్లీ అడగొద్దు.’ నాలుగు వాక్యాలు. ఐదోది కలపకు. ‘ఎందుకంటే’ అని మొదలుపెట్టావా, అక్కడే వాదన మొదలవుతుంది.

ఫోటో విషయంలో అయితే ఇంత సౌమ్యం అక్కర్లేదు. ఇవ్వకు. మంచివాడైనా ఇవ్వకు, పెళ్లి చేసుకుంటానన్నా ఇవ్వకు. అతను మంచివాడే అనుకుందాం, అతని ఫోన్ మంచిది కాదు. పోతుంది, ఫ్రెండ్ చేతికి వెళ్తుంది, రిపేరుకి వెళ్తుంది. పైగా మీరిద్దరూ 18 దాటనివాళ్లు. అలాంటి ఫోటో అడగడం, దగ్గర ఉంచుకోవడం, పంపడం చాలా దేశాల్లో పెద్ద నేరం, అతని జీవితానికీ అది ప్రమాదమే. ఇది అతనికి తెలియకపోవచ్చు, చెప్పు. ఈ జవాబు చదువుతున్న ఇంకెవరైనా ఇప్పటికే పంపేసి ఉంటే, బెదిరింపులకి లొంగి ఇంకొకటి మాత్రం పంపకండి. మెసేజ్‌లు చెరపకుండా ఉంచి, ఒక పెద్దవాళ్లకి చెప్పండి. 18 ఏళ్లలోపు తీసిన ఫోటోలు ఇంటర్నెట్‌లో పాకకుండా ఆపడానికి ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. పేరు చెప్పక్కర్లేదు, ఫోటో మీ ఫోన్ దాటి బయటికి పోదు. దాని డిజిటల్ వేలిముద్రలాంటిది మాత్రం తయారుచేసి, ఆ సేవలో చేరిన సైట్లకి పంపుతారు. తప్పు చేశామని కుమిలిపోతూ కూర్చునేకన్నా ఇది ఎంతో నయం.

అమ్మ సంగతి. ఫోన్ లాక్కోవడం నాకు నచ్చలేదు, ‘అదంతా ఆకర్షణ’ అనడమూ నచ్చలేదు. ఆవిడ చదువుతుంటే ఆవిడకి కూడా చెప్తున్నాను: అమ్మా, మీ అమ్మాయి ఆ ఫోటో ఇవ్వకుండా నాకు ఉత్తరం రాసింది. ముక్కూ మొహం తెలియని నాకు. మీకు చెప్పడానికి భయపడింది. ఫోన్ తిరిగిచ్చారు కదా, దాంతోపాటు ఒక గంట కూడా ఇవ్వండి, ప్రశ్నలు లేకుండా.

నీకు చెప్పేది వేరు. ఇంట్లో వద్దంటే ప్రేమ ఇంకా పెరుగుతుందని అందరూ అంటారు. 1972లో ఒక పరిశోధన కూడా అలాగే చెప్పింది. 2014లో అది నిజమేనా అని మళ్లీ పరీక్షించారు, అలా తేలలేదు. ఇంట్లోవాళ్లూ స్నేహితులూ అండగా ఉన్న జంటల్లోనే ప్రేమ ఎక్కువ కనిపించింది. దాక్కుని మాట్లాడుకోవడంలో గుండె గట్టిగా కొట్టుకుంటుంది, నిజమే. ఊగే వంతెన సంగతి చెప్పాను కదా.

అమ్మ దగ్గరికి వెళ్లి ప్రేమ గురించి మాట్లాడకు. అది మొదలుపెడితే ఇద్దరూ లాయర్లయిపోతారు. నానమ్మ గురించి మాట్లాడు. ‘నానమ్మ పోయినప్పుడు నాకు చాలా భయమేసింది, మీరెవరూ నన్ను చూడలేదు’ అని చెప్పు. అమ్మ కూడా ఆ తొమ్మిది నెలలు ఏదో ఒకటి మింగుకుని తిరుగుతూ ఉండి ఉంటుంది. ఆ తర్వాత, అదే రోజు కాకపోయినా, ‘ఒక ఫోటో అడిగాడు, ఇవ్వలేదు, టెన్షన్‌గా ఉంది’ అని చెప్పు. అరుస్తుందేమో. అరవనీ. మొదటి పది నిమిషాల అరుపుని బట్టి ఏ తల్లినీ లెక్కగట్టకు. రెండోసారి ఏమంటుందో చూడు. అమ్మతో అసలు కుదరదనిపిస్తే పిన్నో, అత్తో, స్కూల్లో కౌన్సెలరో ఒకరుండాలి. ఈ విషయాన్ని నువ్వొక్కదానివే దిండు కింద పెట్టుకుని పడుకోవద్దు.

విడిపొమ్మంటారా అని అడగలేదు నువ్వు, నేనూ చెప్పను. నాలుగు వాక్యాలు చెప్పు, ఏమవుతుందో చూడు. ‘సరే’ అంటే, మీరిద్దరూ ఇంకొన్నాళ్లు కలిసి నడవొచ్చు, పగటిపూట, నిద్ర పోయాక. అలిగి వెళ్లిపోతే, వెనక పరిగెత్తి ‘ఇస్తాలే’ అనకు. ఆ రెండు రోజులూ నరకంలా ఉంటాయి. 2011లో, కొత్తగా ప్రేమ విఫలమైన 40 మంది మెదడుని పరీక్షించారు. వదిలేసి వెళ్లినవాళ్ల ఫోటో చూసినప్పుడూ, చేతికి వేడి తగిలించినప్పుడూ మెదడులో కొన్ని ఒకే భాగాలు స్పందించాయి. ‘కాలిపోతున్నట్టుంది’ అని ఊరికే అనరు మనవాళ్లు. కాలినచోట ఏం చేస్తామో అదే చెయ్యి: గోకకు. అంటే అతని ప్రొఫైల్ చూడకు, పాత చాట్ చదవకు, అతని ఫ్రెండ్‌ని ఆరా తియ్యకు. ఆ రెండు రోజులకి ఒక మనిషినీ ఒక పనినీ ముందే ఏర్పాటు చేసి పెట్టుకో. మనిషి ఎవరో నువ్వే చూసుకో.

పని నేను చెప్తాను. ఆ గుర్రం ఉన్న పుస్తకం ఎక్కడుందో వెతుకు. గుర్రానికి వెనక కాళ్లు వెయ్యడం కష్టం, మోకాలు వెనక్కి వంగినట్టు కనపడుతుంది. నిజానికి అది మోకాలు కాదు, మన మడమలాంటిది. మోకాలు ఇంకా పైన, పొట్ట దగ్గర ఉంటుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు. నువ్వు ఆగిపోయింది మెసేజ్ వచ్చినందుకేనా, కాళ్లు కుదరకనా? మళ్లీ రాసేటప్పుడు అది రాయి. వీలైతే బొమ్మ ఫోటో పెట్టు. అది నలుగురికీ చూపించొచ్చు.